పిక్క

బరంపురంలో పాతసామాన్ల కొట్టువాడు
గిటారుతో పాటు ఇచ్చింది ఒక్క చిరుగు సంచి.
దేంతో మీటాలో చెప్పలేదు.
ఇంటికొచ్చి తలకిందులు చేసి ఊపితే
దాని కడుపులోంచి రాలింది మూడు మూలల ముక్క,
ఆకుపచ్చది, ఎవరో ఓ మూల కొరికినట్టు.
"దీన్ని పిక్ అంటారమ్మా" అన్నాను.
"ఓలమ్మ! పొద్దస్తమానం కొట్టేదాన్ని,
పిక్కంటే ఏటో నాకు సెప్తావేటే గుంటా!"
చేతులకి బూడిద పూసుకుంటూ అమ్మ నవ్వింది.
కాశీబుగ్గలో పిక్కంటే జీడిపిక్కే మరి.

ఆకుపచ్చది వారం తిరక్కుండా విరిగింది.
సిమ్ము ఊడదీసిన కార్డు కత్తిరించి చూశాను.
పల్చన.
తీగ తగిలీ తగలకముందే వంగుతుంది,
స్వరం కంటే ముందు టిక్కుమంటుంది,
మాట మొదలెట్టే ముందు
నాలిక చప్పరించే మనిషిలా.
ఆరు తీగలూ ఒక్క ఊపున ఊడ్చినప్పుడు మాత్రం
రేకుల షెడ్డు మీద చినుకులే.
ఆదివారం ప్రార్థనలో నలభై గొంతులకి, ఓ డోలక్కి
అది చాలు.
ఒంటి తీగ మీద పాట పలికించబోతే
లావు తీగ దాన్ని ఖాతరు చెయ్యదు.

ఏలియా మాస్టారు మందంది ఇచ్చారు.
సోంపేట ఆర్కెస్ట్రాలో ఇరవయ్యేళ్ళు
పెళ్ళిళ్ళకి వాయించిన మనిషి.
"వేలి చివర గోరంత బయటపెట్టు, అంతే.
బిగించి పట్టేవనుకో,
పాట కాదు, నీ కోపం వినబడతాది."
అది వంగదు. నేనే వంగాలి,
మణికట్టు, మోచెయ్యి, చివరికి ఊపిరి.
వంగాక ఒక్కో స్వరం ఒలిచి తీసినట్టొచ్చింది,
ఎక్కడా విరగని గుండుపప్పులా.
కాస్త ఏటవాలుగా తిప్పితే గొంతు మెత్తబడుతుంది
కానీ లావు తీగల చుట్టల మీద గరగర,
జలుబు చేసిన పెద్దాయనలా.

చిక్కు అక్కడ కాదు.
ఇంటరు తప్పిన ఏడాది నుంచీ
జీడి రసం తిన్న బొటనవేలు నాది.
రేషను డిపోలో మిషను మూడుసార్లడుగుతుంది,
మళ్ళీ పెట్టమని.
నున్నటి ప్లాస్టిక్కు ఆ వేలికి ఆనదు.
క్రిస్మస్ రాత్రి, రెండో చరణంలో, అందరి ముందూ
జారి గిటారు కడుపులో పడింది.
మిగతా పాటంతా గోటితో గీరాను.

తిత్లీ గాలికి పడిపోయిన చెట్టుది, ఆఖరి కాయ,
దాని చిప్ప మా ఇంట్లో ఉప్పుకి గరిటె.
అదీ పగిలింది.
ఓ పెంకు తీసి గుమ్మం సిమెంటు మీద
మూడు సాయంత్రాలు రుద్దాను.
రుద్దిన కొద్దీ మాడిన కొబ్బరి వాసన.
వేలు కూర్చునే చోట మేకుతో చిన్న గుంట తవ్వాను.

మెరుపు లేదు దాని శబ్దంలో.
గచ్చు మీద చెప్పుల్లేకుండా ఎవరో నడిచినట్టు.
సన్న తీగలో ఇనుము తగ్గింది,
లావు తీగలోకి మట్టి వచ్చింది.
పరుగులెత్తే పాటలకి పనికిరాదు, నిదానం దానిది.
నెలలో ఒకవైపే అరిగింది,
నా చెయ్యి ఒరిగే వైపు.
మాస్టారు దాన్ని దీపం దగ్గర తిప్పి చూసి
"ఇది నీదే, ఇంకెవరూ ఎత్తుకెళ్ళరు" అన్నారు.

అమ్మ పనిలో ఓ రాగం తీస్తుంది, మాటల్లేనిది.
కత్తి పడే చోటల్లా ఖాళీ వదిలి పాడుతుంది.
ఏ పిక్‌తోనూ దొరకని ఆ ఖాళీ
కొబ్బరిపెంకుతో, నిన్న రాత్రి, దొరికింది.
నేను తలెత్తలేదు.
కత్తి చప్పుడు ఆగింది. మళ్ళీ మొదలైంది,
ఈసారి నా వెనక.

పొద్దున్నే తూకానికి వెళ్ళొచ్చి
గుమ్మంలోనే అంది:
"నీ పాట సల్లగుండ,
పావు కేజీ బద్దలైపోనాయే!"